డాక్టరు వలస వేరు, నర్సు వలస వేరు

తిరుపతిలో చాలామందికి తెలియని సంగతి ఒకటి. బ్రిటన్ ప్రభుత్వాస్పత్రులు, అంటే ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లు, మన రాష్ట్రానికి వచ్చి డాక్టర్లను, నర్సులను ఉద్యోగాలకు పిలుచుకుపోకూడదని 2021 దాకా వాళ్ల నియమావళిలోనే రాసి ఉండేది. మన దేశంలో నాలుగు రాష్ట్రాల పేర్లు ఆ జాబితాలో ఉండేవి: ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్. ఈ రాష్ట్రాలకు బ్రిటన్ అభివృద్ధి సాయం ఇచ్చేది కాబట్టి, ఆస్పత్రుల కోసం డబ్బిచ్చి ఆ ఆస్పత్రుల్లో పనిచేసే మనుషుల్నే తీసుకుపోవడం న్యాయం కాదనేది దాని వెనకున్న ఆలోచన. మంచి ఆలోచనే. కానీ నిషేధం వాళ్లు వచ్చి పిలవడం మీదే ఉంది, మనవాళ్లు సొంతంగా అప్లై చేసుకోవడం మీద లేదు. అందుకే జాబితా దాని పాటికి అది ఉంది, వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు.

వైద్యుల వలస గురించి మాట్లాడేటప్పుడు మనం తరచుగా ఒకే మాట అంటాం, 'మన డబ్బుతో చదివి బయటికి పోతున్నారు' అని. ఈ మాట కొందరి విషయంలో పూర్తిగా నిజం, ఇంకొందరి విషయంలో పూర్తిగా తప్పు. తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో ప్రభుత్వ సీటులో చదివి అమెరికా వెళ్లిన డాక్టరుకూ, మదనపల్లెలోనో చిత్తూరులోనో ప్రైవేటు కాలేజీకి ఫీజు కట్టి జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చేసి, నగలు కుదువపెట్టి గల్ఫ్‌కు వెళ్లిన సిస్టరుకూ ఒకే సూత్రం పెడితే ఎవరికీ న్యాయం జరగదు. ఒకరి మీద సమాజం పెట్టిన ఖర్చుంది. ఇంకొకరి మీద సమాజం పెట్టింది తక్కువ, ఆమె దగ్గర్నుంచి లాక్కున్నది ఎక్కువ. ఈ రెండు వలసలనూ విడదీసి చూస్తే తప్ప ఎవరిని ఆపాలి, ఎవరికి సాయం చేయాలి, ఎవరి దగ్గర డబ్బు అడగాలి అనేది తేలదు.

ముందు ప్రపంచ స్థాయిలో ఏముందో చూద్దాం. 1990ల చివర్లో దక్షిణాఫ్రికా నర్సులు పెద్ద ఎత్తున బ్రిటన్‌కు వెళ్లిపోతుంటే, మా నర్సుల్ని ఇలా తీసుకుపోవద్దని 1997లో నెల్సన్ మండేలానే బ్రిటన్‌ను అడిగారు. ఆ తర్వాతే బ్రిటన్ మార్గదర్శకాలు రాసుకుంది, 2001లో వాటిని పూర్తి నియమావళిగా చేసింది. 2010 మేలో ప్రపంచ ఆరోగ్య సభ అన్ని దేశాలకూ కలిపి ఒక నియమావళిని ఆమోదించింది. అందులో చెప్పేది స్థూలంగా ఇది: సిబ్బంది కొరత ఉన్న పేద దేశాలకు పోయి మనుషుల్ని లాక్కోకండి, ఎవరి సిబ్బందిని వాళ్లే తయారు చేసుకోండి, వచ్చినవాళ్లకు స్థానికులతో సమానంగా హక్కులివ్వండి, పంపే దేశానికి కూడా ఏదో ఒక మేలు జరిగేలా ఒప్పందాలు చేసుకోండి. అయితే ఇది స్వచ్ఛందం. పాటించకపోతే శిక్ష లేదు, అడిగేవాళ్లూ లేరు.

ఈ నియమావళికి తోడుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) ఒక రక్షణ జాబితా, అంటే పోయి మనుషుల్ని లాక్కోకూడని దేశాల పేర్లు, ప్రకటిస్తుంది. 2020లో అందులో 47 దేశాలుంటే 2023కి 55 అయ్యాయి, వాటిలో 37 ఆఫ్రికా ప్రాంతానివే. మన పక్కనున్న నేపాల్, బంగ్లాదేశ్ అందులో ఉన్నాయి. మనం లేం. జాబితాలోకి రావాలంటే జనాభాతో పోలిస్తే డాక్టర్లు, నర్సులు ప్రపంచ మధ్యస్థాయి కన్నా తక్కువ ఉండాలి, దాంతోపాటు ఆరోగ్య సేవలు జనానికి ఎంతవరకు అందుతున్నాయో చెప్పే సూచీ 55 లోపు ఉండాలి. మన దేశం సగటున ఆ గీత దాటేసింది. సగటు అంటే బెంగళూరు కార్పొరేట్ ఆస్పత్రినీ, కర్ణాటక సరిహద్దులో ఉన్న మన పల్లె పీహెచ్‌సీనీ కలిపి వేసిన లెక్క. బ్రిటన్ 2021లో తన పాత జాబితా తీసేసి ఈ ప్రపంచ జాబితానే పెట్టుకుంది, దాంతో ఆంధ్రప్రదేశ్ పేరు పోయింది. మరుసటి ఏడాది జులైలో ఆరోగ్య సిబ్బంది విషయంలో భారత్, బ్రిటన్ ఒక అవగాహన ఒప్పందం మీద సంతకాలు కూడా చేశాయి.

ఇప్పుడు డాక్టర్ల సంగతి.

తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న రుయా ప్రభుత్వాస్పత్రికి పొద్దున పూట పోయి ఓపీ దగ్గర నిలబడండి. చంద్రగిరి, శ్రీకాళహస్తి, పీలేరు, అటు రైల్వే కోడూరు నుంచి వచ్చినవాళ్లు చీటీ పట్టుకుని నిలబడి ఉంటారు. 1960లో పెట్టిన ఎస్వీ మెడికల్ కాలేజీలో పిల్లలు వైద్యం నేర్చుకునేది ఈ మనుషుల మీదే, వీళ్లు కట్టిన పన్నుల మీదే. అక్కడ చదివినవాళ్లు ఈ జనానికి కొంత బాకీ ఉన్నారని నేను నమ్ముతాను. ఇందులో నాకు మొహమాటం లేదు.

కానీ ఆ బాకీ వసూలు చేసుకునే పద్ధతి మన దగ్గర సరిగా లేదు. ఉదాహరణకు అమెరికా. అక్కడ రెసిడెన్సీకి, అంటే ఆస్పత్రిలో పనిచేస్తూ నేర్చుకునే పై శిక్షణకు, వెళ్లే మన డాక్టర్లలో చాలామంది జే-1 వీసా మీద వెళ్తారు. ఆ వీసా షరతు ప్రకారం శిక్షణ అయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. జే-1 మీద వెళ్లినవాళ్లకు ఆ షరతు తప్పించుకోవడానికి ఉన్న దారుల్లో ఒకటి, 'మా మనిషి తిరిగి రాకపోయినా అభ్యంతరం లేదు' అని సొంత ప్రభుత్వం ఇచ్చే కాగితం, కానీ రెసిడెన్సీకి వెళ్లిన డాక్టర్లకు అమెరికా చట్టమే ఆ దారి ఇవ్వదు. 2011లో మన ఆరోగ్య శాఖ కూడా డాక్టర్లకు అలాంటి కాగితం ఇవ్వడం మానేసింది, 65 ఏళ్లు దాటినవాళ్లకు తప్ప. గట్టి నిర్ణయంలాగే కనిపిస్తుంది. అయితే అమెరికాలో 1994 నుంచి ఇంకో దారి ఉంది. ఒక్కో రాష్ట్రం ఏడాదికి 30 మంది విదేశీ డాక్టర్లకు ఆ రెండేళ్ల షరతు మాఫీ చేయించవచ్చు, బదులుగా ఆ డాక్టరు వైద్యులు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. మన ప్రభుత్వం డబ్బిచ్చి పంపిన కేసు కాకపోతే ఈ దారికి మన అభ్యంతరంతో పనే లేదు. అంటే తమ మారుమూల కౌంటీలకు డాక్టర్లు కావాలని అమెరికా మూడు దశాబ్దాల కిందటే పక్కా ఏర్పాటు చేసుకుంది, ఆ ఏర్పాటులోకి వెళ్లినవాళ్లలో కుప్పం, సత్యవేడు లాంటి చోట్ల డాక్టరు లేక జనం పడే ఇబ్బంది చూసి పెరిగిన పిల్లలూ ఉంటారు. ఆ పిల్లల్ని తప్పుపట్టాలని నాకు లేదు. అమెరికా తన పల్లె కోసం వీసా చట్టాన్నే వంచుకుంది, మన పల్లె కోసం మనం ఏం చేశామన్నదే నా బాధ.

దారులు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2023 సెప్టెంబరులో మన జాతీయ మెడికల్ కమిషన్‌కు ప్రపంచ వైద్య విద్యా సమాఖ్య పదేళ్ల గుర్తింపు ఇచ్చింది, దాంతో మన ఎంబీబీఎస్ వాళ్లకు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దారి ఇంకా సులువైంది. రెండేళ్లకు, 2025 సెప్టెంబరులో, కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అని అమెరికా ప్రకటించింది, ఆస్పత్రులు సైతం తలపట్టుకున్నాయి. బ్రిటన్ కూడా అంతే, కొన్నేళ్ల కిందట రండి రండి అని పిలిచి, 2025లో మాత్రం 2035 నాటికి విదేశీ నియామకాలను 10 శాతం లోపుకు తగ్గిస్తామని ప్రణాళిక రాసుకుంది. వాళ్ల అవసరాన్ని బట్టి తలుపు తెరుస్తారు, మూస్తారు. ఆ తలుపును నమ్ముకుని మనం మన సీట్ల లెక్కలు వేసుకోకూడదు.

మరి చదువయ్యాక ఇన్నాళ్లు ఇక్కడే పనిచేస్తామని రాయించుకునే బాండ్లు పనికొస్తాయా? డబ్బు కట్టేస్తే తీరిపోయే బాండు పనికిరాదని నా అభిప్రాయం. ఉన్నవాళ్లు కట్టేసి పోతారు, లేనివాళ్లే ఇరుక్కుంటారు. పనికొచ్చే నమూనా మనకు దగ్గర్లోనే ఉంది. చిత్తూరు నుంచి గంట దూరంలో వేలూరు సీఎంసీ. మన జిల్లా జనం పెద్ద జబ్బు వస్తే పరిగెత్తే చోటు అది. అక్కడ ఎంబీబీఎస్ సీట్లలో చాలా వాటికి ఏదో ఒక చర్చి సంస్థ స్పాన్సర్‌గా ఉంటుంది, చదువయ్యాక ఆ సంస్థకున్న చిన్న ఊరి ఆస్పత్రిలో రెండేళ్లు పనిచేయాలి. అక్కడ ఎవరో తెలియని ఊరికి శిక్షగా పంపడం ఉండదు. ఏ ఆస్పత్రి పంపిందో ముందే తెలుసు, ఆ ఆస్పత్రికి నువ్వు కావాలి, చదువుకునేటప్పుడే చిన్న ఆస్పత్రుల్లో ఎలా పనిచేయాలో చూపిస్తారు. మన ప్రభుత్వ సర్వీసులో డాక్టరును పంపిన చోట కొన్నిసార్లు క్వార్టర్స్ ఉండవు, మత్తు డాక్టరు ఉండడు, ఆపరేషన్ థియేటరు తాళం వేసి ఉంటుంది. దేశంలో గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు (సీహెచ్‌సీలకు) కావాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరని కేంద్రం లెక్కలే చెప్పాయి. సర్జన్‌ను పంపి కత్తి పట్టే వీలు లేకుండా చేస్తే ఏడాది తర్వాత ఆయన ఎక్కడికి పోతాడో ఊహించుకోవచ్చు. బాండు అడిగే ముందు ఆ ఊళ్లో ఆ డాక్టరు చేయగలిగిన పని ఉండేలా చూడాలి.

నర్సుల దగ్గరికి వస్తే కథ మొత్తం తిరగబడుతుంది.

నాకు తెలిసిన సిస్టరు ఒకామె ఉంది. పలమనేరు దగ్గర పల్లె, వాళ్ల నాయన రెండు ఆవుల పాడి మీద సంసారం నెట్టుకొచ్చిన మనిషి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కొంత వచ్చినా మిగతాదంతా వడ్డీకి తెచ్చి జీఎన్‌ఎం చదివించారు. ఆమె తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో పనిచేసింది, నెలకు పదిహేను వేలు కూడా చేతికి వచ్చేది కాదు. నైట్ డ్యూటీలో నలుగురు రోగులకు ఒకే నర్సు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆస్పత్రి వాళ్లే పెట్టుకున్నారు, మానేస్తానంటే డబ్బు కట్టమన్నారు. ఒకరోజు మూడు కాగితాలు తెచ్చి "చూడన్నా, ఇదంతా కరెక్టేనా" అని నా ముందు పెట్టింది. మొదటిది ఒక కన్సల్టెన్సీ రసీదు, 'భాషా శిక్షణ, మెటీరియల్' అని రాసి పక్కన 45,000. రెండోది 'ఫైల్ చార్జీలు', 60,000. మూడోది తెల్ల కాగితం, దాని మీద పెన్సిల్‌తో వాళ్ల మనిషి రాసిచ్చిన అంకె, లక్షా ఇరవై. దానికి రసీదు ఇవ్వరట, వీసా వచ్చాక చేతికివ్వాలట.

ఆ మూడు కాగితాల్లోనే మొత్తం వ్యాపారం ఉంది. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. అతను అభ్యర్థి దగ్గర తీసుకోదగ్గ సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అందుకే రసీదులో ఎక్కడా 'సర్వీసు చార్జీ' అనే మాట కనపడదు. శిక్షణ అంటారు, మెటీరియల్ అంటారు, ఫైల్ అంటారు, అసలు సొమ్ము మాత్రం రసీదు లేకుండా పోతుంది. రేపు ఫిర్యాదు చేస్తే చూపించడానికి ఆమె దగ్గర ఉండేది పెన్సిల్ గీతలు.

ఇది మన ఊరి కథ మాత్రమే కాదు. 2015లో కొచ్చిలో బయటపడిన కువైట్ నర్సుల నియామక కుంభకోణంలో, ఒక్కొక్కరి దగ్గర 19,500 రూపాయలు తీసుకోవాల్సిన ఏజెన్సీ 19 లక్షల 50 వేలు తీసుకుందని సీబీఐ కేసు పెట్టింది, వలసదారుల్ని కాపాడాల్సిన ప్రభుత్వాధికారి పేరు కూడా ఆ కేసులో ఉంది. అంతకు ముందు ఏడాదే ఇరాక్‌లోని తిక్రిత్‌లో 46 మంది మన నర్సులు ఉగ్రవాదుల మధ్య చిక్కుకుని, జులైలో ఎలాగో ప్రాణాలతో కొచ్చి చేరారు. బాంబులు పడుతున్నా కొందరు వెనక్కి రావడానికి జంకారు, కారణం ఇంటి దగ్గరున్న అప్పు. ఇవన్నీ అయ్యాక 2015లో కేంద్రం ఒక ఆదేశం ఇచ్చింది: వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్స్) అవసరమైన 18 దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్ లాంటివన్నీ అందులోకే వస్తాయి. మొదట కేరళ సంస్థలు నోర్కా రూట్స్, ఒడెపెక్ రంగంలోకి దిగాయి, తర్వాత విదేశీ ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓమ్‌క్యాప్, తెలంగాణ సంస్థ టామ్‌కామ్ కూడా చేరాయి. ఓమ్‌క్యాప్ పేరు మన నర్సింగ్ కాలేజీల్లో ఎంతమంది అమ్మాయిలకు తెలుసో అడిగి చూడండి, నేను అడిగిన చోటల్లా తెల్లమొహమే ఎదురైంది. కేరళలో నర్సు కావాలనుకునే ప్రతి పిల్లకూ నోర్కా పేరు తెలుసు.

ఈ ఆదేశంలో ఇంకో పెద్ద ఖాళీ ఉంది. జర్మనీ, బ్రిటన్, జపాన్ ఆ 18 దేశాల్లో లేవు. ఇప్పుడు తిరుపతిలో గోడల మీద, ఆటోల వెనక కనిపించే పోస్టర్లలో జర్మనీదే రాజ్యం. జర్మనీకి పోవడం తప్పేం కాదు, బీ2 అనే స్థాయి దాకా జర్మన్ భాష వస్తే మంచి బతుకే. ఆ భాష ఎనిమిది, తొమ్మిది నెలల్లో వచ్చేస్తుందని చెప్పేవాళ్లను నమ్మకండి, డ్యూటీ చేసుకుంటూ నేర్చుకునేవాళ్లకు అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఇంకో సంగతి, జర్మనీలో విదేశీ నర్సుల నియామకానికి ప్రభుత్వ నాణ్యతా ముద్ర ఒకటుంది. ఆ ముద్ర ఉన్న ఏజెన్సీ ఖర్చంతా ఆస్పత్రి దగ్గర తీసుకోవాలి, నర్సు దగ్గర పైసా తీసుకోకూడదు. మీ కన్సల్టెన్సీని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

పోయాక ఏ పని ఇస్తారన్నది మరో చిక్కు. బ్రిటన్ 2022లో కేరర్, అంటే సంరక్షకుల, వీసాలు తెరిచినప్పుడు మన జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ అమ్మాయిలు చాలామంది నర్సులుగా కాకుండా కేరర్లుగా వెళ్లారు, ఎందుకంటే నర్సు రిజిస్ట్రేషన్‌కు ఇంగ్లిష్ పరీక్ష, కంప్యూటర్ మీద రాసే సీబీటీ, పని చేసి చూపించే ఓఎస్‌సీఈ అన్నీ దాటాలి, కేరర్‌కు అంత లేదు. ముసలివాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం గౌరవమైన పనే, కాదనను. కానీ వెంటిలేటర్ చూసుకోగలిగిన మనిషి నాలుగేళ్లు ఆ పనిలో ఉంటే నర్సుగా అనుభవంలో అంత ఖాళీ వస్తుంది, తర్వాత ఏ దేశమూ ఆమెను సులువుగా నర్సుగా తీసుకోదు. 2025 జులైలో విదేశాల నుంచి కొత్త కేరర్ల నియామకాన్ని బ్రిటన్ ఆపేసింది. జపాన్‌తో 2021లో కుదిరిన ఒప్పందంలో చాలా రంగాలున్నా, మన నర్సులకు పనికొచ్చేలా ఉన్నది సంరక్షణ పనే, ఆస్పత్రి నర్సింగ్ కాదు. ఆఫర్ లెటర్‌లో ఉద్యోగం పేరు దగ్గర ఏముందో చదవకుండా సంతకం పెట్టకూడదు.

ఈ అమ్మాయిలు దేశానికి బాకీ ఉన్నారా? నా దృష్టిలో లేరు. దేశమే వాళ్లకు బాకీ ఉంది. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రి నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలని, 50 పడకల లోపు ఆస్పత్రి అయినా 20,000కు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. అమలు రాష్ట్రాల చేతికిచ్చారు. కేరళలో నర్సులు ఏళ్ల తరబడి సమ్మెలు చేసి 2018లో 20,000 కనీస వేతనం నోటిఫికేషన్ తెప్పించుకున్నారు. మన దగ్గర నర్సు ఆ జీతం అడిగితే 'ఇష్టం లేకపోతే మానేయ్, సర్టిఫికెట్లకు డబ్బు కట్టి తీసుకుపో' అంటారు. ఆమె విమానం ఎక్కిన రోజున మాత్రం మనకు సిబ్బంది కొరత గుర్తొస్తుంది.

అందుకే వెళ్లేవాళ్ల మీద సంఖ్యాపరిమితులు పెట్టడం నాకు సమ్మతం కాదు. ఫిలిప్పీన్స్ కోవిడ్ సమయంలో ఆ పని చేసింది, 2020 చివర్లో ఏడాదికి 5,000 మంది నర్సులకే అనుమతి అంది, తర్వాత 6,500 చేసింది, ఆపైన ఇంకా పెంచింది. జీతాలు పెంచకుండా తలుపు మూస్తే లోపల మిగిలేది కోపమే. డబ్బు వైపు నుంచి కూడా ఆలోచనలు వచ్చాయి, వెళ్లినవాళ్ల ఆదాయం మీద పన్ను వేసి పంపిన దేశానికి ఇవ్వాలని ఆర్థికవేత్త జగదీశ్ భగవతి 1970లలోనే ప్రతిపాదించారు, ఏ దేశమూ ఒప్పుకోలేదు. వ్యక్తి మీద కాకుండా తీసుకుంటున్న దేశం మీద ఆ భారం పెట్టడమే ఇప్పుడు అడగదగ్గది. వంద మంది నర్సుల్ని తీసుకుంటే ఇక్కడ ఒక నర్సింగ్ కాలేజీలో ల్యాబు కట్టాలి, ట్యూటర్లకు జీతమివ్వాలి, నర్సింగ్ నేర్పడానికి వాడే మన సిమ్యులేషన్ బొమ్మలు పాతవైతే కొత్తవి కొనివ్వాలి. 2010 నియమావళి దీనికి దారి చూపింది, ఒప్పందంలో రాయించుకోవాల్సింది మనం. 1983 చట్టం స్థానంలో కొత్త బిల్లు ముసాయిదాను కేంద్రం 2025లో ప్రజల ముందు పెట్టింది. నర్సింగ్ సంఘాలు, కాలేజీలు దాని మీద గట్టిగా మాట్లాడాల్సిన సమయం ఇదే.

ఒక పని మాత్రం చట్టం కోసం ఆగకుండా రాష్ట్రమే చేయవచ్చు. విదేశంలో రిజిస్టరు కావాలంటే నర్సు చదువు, రిజిస్ట్రేషను నిజమైనవేనని మన నర్సింగ్ కౌన్సిల్ ధ్రువీకరించి పంపాలి, డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ కూడా అలాంటిదే. అంటే ఎవరు ఏ దేశానికి అప్లై చేస్తున్నారో ఆ దరఖాస్తుల్లోనే ఉంది. పేర్లు తీసేసి, ఏ జిల్లా నుంచి, ఏ కోర్సు చదివినవాళ్లు, ప్రభుత్వ కాలేజీనా ప్రైవేటా, ఏ దేశానికి అనే లెక్కను ఏటా బయటపెడితే చాలు. తిరుపతి జిల్లా నుంచి జర్మనీకి ఎంతమంది, చిత్తూరు నుంచి గల్ఫ్‌కు ఎంతమంది అని తెలిస్తే ఓమ్‌క్యాప్ ఏ కాలేజీకి పోయి అమ్మాయిలతో మాట్లాడాలో తెలుస్తుంది, ఏ స్పెషాలిటీలో డాక్టర్లు ఖాళీ అవుతున్నారో రుయాకు తెలుస్తుంది, జర్మనీతోనో బ్రిటన్‌తోనో బేరానికి కూర్చున్న మన అధికారి చేతిలో ఒక కాగితం ఉంటుంది.